షోరూమా, బయట మెకానికా? ముందు బ్యాటరీ సంగతి అడగండి

[టేబుల్ మీద ఒక కారు బ్యాటరీ]

నమస్తే అండీ. ఇక్కడ టేబుల్ మీద ఉన్నది మా బావగారి బీఎండబ్ల్యూ 520డి లోంచి తీసిన బ్యాటరీ. కొత్తదే. పెట్టించి 14 నెలలు కూడా కాలేదు.

అది ఆస్పత్రి సెల్లార్‌లో పోయింది. అత్తయ్యగారిని చూపించి, మందులు తీసుకుని, ఆవిడని వెనక సీట్లో కూర్చోబెట్టి బావగారు స్టార్ట్ బటన్ నొక్కారు. టకటకమని చప్పుడొచ్చింది. డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. ఆవిడని ఆటోలో ఇంటికి పంపించాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి, "ఇందుకే బయట చేయించకూడదు. ఇక షోరూమ్ గడప తప్ప ఇంకో గడప తొక్కను" అన్నారు.

వారం తిరక్కముందే ఒక ఫ్రెండ్ తన ఆడీ కారు ఎస్టిమేట్ తెచ్చి చూపించాడు. "షోరూమంటేనే దోపిడీ. వారంటీ అయిపోయాక అటువైపు చూడకూడదు" అని వాడి తీర్మానం.

ఈ రెండు మాటలూ నేను పదేళ్ళుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఈ రెండింటిలో ఏది నమ్మినా చివరికి డబ్బు పోయేది మనదే. ఇద్దరూ "ఎక్కడ చేయించాలి" అని అడుగుతున్నారు. "ఏ పని చేయించాలి" అని ఎవరూ అడగడం లేదు.

సరే, మా బావగారి బ్యాటరీకి వద్దాం. పెట్టిన రోడ్డు పక్క బ్యాటరీ షాపువాడు మోసగాడు కాదు. మంచి కంపెనీ బ్యాటరీ, సరైన సైజు, బోల్టులన్నీ గట్టిగా బిగించాడు. ఒక్కటే చేయలేదు. బ్యాటరీ మారిందని కారుకి చెప్పలేదు.

ఒక ఇల్లు ఊహించుకోండి. ఆ ఇంట్లో మంచాన పడిన తాతగారు ఉన్నారు. వంటావిడ ఆయనకి గంటగంటకీ కొంచెం కొంచెం తినిపిస్తూ ఉంటుంది. ఆయన అలా తింటేనే నిలబడతారు. ఒకరోజు తాతగారు ఊరెళ్ళారు, ఆ గదిలోకి పాతికేళ్ళ మనవడు దిగాడు. వంటావిడకి ఎవరూ చెప్పలేదు. తలుపు సందులోంచి గిన్నె లోపలికి తోస్తుందే గాని లోపల ఎవరున్నారో ఆవిడకి తెలియదు. మనవడికీ గంటగంటకీ పెడుతూనే ఉంది. వాడి ఆరోగ్యం ఏమవుతుంది?

ఈ కార్లలో వంటావిడ అంటే ఇంజన్ కంప్యూటర్. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. దాని లెక్కలు చూసుకుంటూ, బ్యాటరీ వయసు పెరిగేకొద్దీ కంప్యూటర్ చార్జింగ్ పద్ధతి మార్చుకుంటూ పోతుంది. కొత్తది పెట్టాక దాన్ని 'రిజిస్టర్' చేయాలి. చేయకపోతే ముసలి బ్యాటరీకి ఇచ్చినట్టే కొత్తదానికీ ఇస్తుంది. ఏజీఎం రకం (యాసిడ్‌ని గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే బ్యాటరీ) తీసి మామూలు రకం పెట్టినా, కెపాసిటీ మార్చినా ఆ సంగతి కూడా చెప్పాలి.

బావగారి కారుని మూసాపేటలో నాకు తెలిసిన ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. రేకుల షెడ్డు, రెండు లిఫ్టులు, ఒక పాత ల్యాప్‌టాప్. స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో కేబుల్ పెట్టి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. కారు తిరిగింది 1,12,000 కిలోమీటర్లు. చివరిసారి బ్యాటరీ మారినట్టు కారుకి తెలిసింది మాత్రం 41,000 దగ్గర. "చూడన్నా, దీనికింకా పాత బ్యాటరీయే ఉందనుకుంటోంది" అన్నాడు. కొత్తది పెట్టి, రిజిస్టర్ చేయడానికి ఐదు నిమిషాలు పట్టింది.

గమనించారా? రోడ్డు పక్క బ్యాటరీ షాపువాడూ బయటివాడే, ఈ మెకానిక్కూ బయటివాడే. వంటావిడతో మాట్లాడే భాష ఒకరికి వచ్చు, ఒకరికి రాదు. ఆ భాష అంటే కంపెనీ సొంత స్కానింగ్ సాఫ్ట్‌వేర్. బీఎండబ్ల్యూలో దాని పేరు ఇస్టా, మెర్సిడెస్‌లో జెంట్రీ, ఆడీ, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో ఓడిస్. ఇవిగాని, వీటికి దీటైన స్కానర్ గాని లేని చోట, మామూలు చవక స్కానర్‌తో ఇంజన్ కోడ్‌లు చదివి "అంతా ఓకే సార్" అంటే నమ్మకండి. ఆ స్కానర్‌కి ఇంట్లో మిగతా గదులు కనిపించవు.

అందుకే కొత్త గ్యారేజ్‌కి ఫోన్ చేసినప్పుడు నేను ముందు రేటు అడగను. "బ్యాటరీ మార్చాక రిజిస్టర్ చేస్తారా?" అని అడుగుతాను. "దానికేముంది సార్, తీసి పెట్టేయడమే" అన్నాడా, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

వెనక బ్రేక్ ప్యాడ్లదీ ఇదే కథ. హ్యాండ్‌బ్రేక్ బటన్ రూపంలో ఉన్న కార్లలో చాలావాటికి వెనక క్యాలిపర్‌లో, అంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగంలో, చిన్న మోటారు ఉంటుంది. ప్యాడ్లు మార్చేముందు కారుని సర్వీస్ మోడ్‌లో పెట్టి ఆ మోటారుని వెనక్కి తిప్పించాలి. అలా కాకుండా టూల్ పెట్టి పిస్టన్‌ని బలవంతంగా నొక్కితే మోటారు దెబ్బతింటుంది. ప్యాడ్ల ఖర్చుతో పోయేది క్యాలిపర్ దాకా వెళ్తుంది. వంటావిడని అడగకుండా వంటగదిలో చెయ్యి పెట్టడమన్నమాట.

ఇంజన్ ఆయిల్ మార్చడానికి ఇంత భాష అక్కర్లేదు. చివర్లో సర్వీస్ లైట్ రీసెట్ చేస్తే చాలు. కానీ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని చిక్కదనం గ్రేడ్ ఉంటే సరిపోదు. డబ్బా వెనక బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్ 229.51 లేదా 229.52, ఫోక్స్‌వ్యాగన్ 504/507 లాంటి అప్రూవల్ ఉంటుంది. మీ మాన్యువల్లో ఏది రాసుంటే అదే పోయించాలి. డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి కాలిపోతుంది గాని, ఆయిల్ కాలి మిగిలిన బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. ఈ ఆయిల్స్‌లో బూడిద తక్కువ వచ్చేలా చూస్తారు. సీల్ మీ ఎదురుగా తీయమనండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పటిదాకా విని నేను షోరూమ్ వైపు మాట్లాడుతున్నాననుకుంటున్నారేమో. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి వినండి. చాలా బీఎండబ్ల్యూల్లో ఉండే 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని తయారుచేసేది జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అని సర్వీస్ అడ్వైజర్ అంటాడు. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్ళకి మార్చమంటుంది. కారుని ఐదేళ్ళకి అమ్మేసేవారికి ఆ లైఫ్‌టైమ్ సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మనకి సరిపోదు. ఇది తెలిసిన మెకానిక్ ఆయిల్ ఉష్ణోగ్రతని స్కానర్‌లో చూస్తూ, 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే లెవెల్ సరిచూస్తాడు. ఫిల్టర్ గేర్‌బాక్స్ కింద ఉండే ప్లాస్టిక్ ఆయిల్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్ కూడా మారుస్తాడు.

అలాగే పాత 320డి, 520డి కార్లలో వచ్చిన ఎన్47 ఇంజన్. దాని టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాలు ఒకే తాళంలో కదిలేలా చూసే గొలుసు) ముందు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ అరగడం ఈ ఇంజన్‌కి పేరుమోసిన జబ్బు. తెగితే ఇంజనే పోతుంది. మా మూసాపేట మెకానిక్ ఒక పొడవాటి ఇనప కడ్డీ ఒక కొస ఇంజన్ వెనక భాగానికి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. బయటికి వినపడేముందే ఆ గీరుడు చప్పుడు ఆయన పట్టుకుంటాడు. షోరూమ్‌కి ఎక్కువగా వచ్చేవి వారంటీలో ఉన్న కొత్త కార్లు. పదేళ్ళు దాటిన కార్ల రోగాలు రోజూ చూసేది బయటి స్పెషలిస్టే. ఈ విషయంలో నా ఓటు ఆయనకే.

ఇక వారంటీ. "బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుంది" అని భయపెడతారు కదా. 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద తీర్పిచ్చింది, వాటిలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కూడా ఉన్నాయి. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటివారికి అందనివ్వడం లేదని మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ పని వల్ల పాడైన మేరకే ఆపాలని చెప్పింది. తర్వాత అప్పీళ్ళు నడిచాయనుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే 1975 నుంచే వారంటీల మీద మాగ్నసన్-మాస్ చట్టం ఉంది.

అయినా నా సలహా ఏమిటంటే, వారంటీగాని, ఎక్స్‌టెండెడ్ వారంటీగాని ఉన్నన్నాళ్ళూ షోరూమ్‌కే వెళ్ళండి. రేపు ఇంజన్‌లో ఏదైనా వస్తే, "బయటివాడి వల్ల కాదు" అని వాదించుకుంటూ తిరిగే ఓపిక మనలో ఎంతమందికి ఉంది? పైగా ఆ సర్వీస్ రికార్డు కంపెనీ సిస్టమ్‌లో ఎక్కుతుంది. అమ్మేటప్పుడు పనికొస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎయిర్‌బ్యాగ్, తాళంచెవి కోడింగ్, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కార్ల హై వోల్టేజ్ పనులు: షోరూమే, ఇంకో మాట లేదు. సస్పెన్షన్ ఆర్మ్‌లు, బుష్‌లు: బయట. లెమ్‌ఫోర్డర్, సాక్స్, బాష్ లాంటివి కార్ల కంపెనీలకే సప్లై చేసే బ్రాండ్లు, లోగో లేని డబ్బాలో తక్కువకి వస్తాయి. కానీ బిల్లుతో కొనండి, పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. ఎయిర్ సస్పెన్షన్ రాత్రికి రాత్రి కిందికి దిగుతోందా? గాలి కారుతోందన్నమాట, ఆలస్యం చేయకండి. ఆ గాలి నింపుతూ నింపుతూ కంప్రెసర్ కూడా కాలిపోతుంది.

చివరిది, చాలామంది వదిలేసేది. ఐదేళ్ళుగా షోరూమ్ మొహం చూడకపోయినా సరే, ఒక్కసారి వాళ్ళకి ఫోన్ చేసి మీ ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్ చదవండి. మీ కారు మీద రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలిపోయి ఉందేమో వాళ్ళ సిస్టమ్ చెప్తుంది. ఉంటే ఆ పని ఉచితం. బయట సర్వీస్ చేయించుకుంటున్నారని దానికి డబ్బు అడగరు. బావగారి కారుది నిన్నే కనుక్కున్నాను, పెండింగ్ ఏమీ లేదన్నారు.