గాలి ఎక్కడి నుంచి దూరుతోంది?

అందరికీ నమస్కారం. మోటార్ మెకానిక్ ట్రేడ్ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఈ పూట షెడ్డు పని ఆపుకొని వచ్చిన నా తోటి మెకానిక్‌లకు ముందుగా ఒక బండి సంగతి చెప్తాను.

పోయిన ఎండాకాలం నర్సంపేట వైపు నుంచి ఒక ట్యాక్సీ డ్రైవర్ మా దగ్గరికి వచ్చాడు. పెట్రోల్ బండి. "అన్నా, సిగ్నల్ కాడ ఆగితే రేసు దానంతట అదే ఎక్కుతాంది, దిగుతాంది. ఏం జేసినా పోతలేదు" అన్నాడు. అప్పటికే రెండు చోట్ల చూపించాడు. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, చివరికి ఇంజన్‌కు గాలి దారి తెరిచి మూసే త్రాటిల్ బాడీ కూడా కొత్తది వేశారు. కిరాయిలు కొట్టి కూడబెట్టిన డబ్బు దానికే పోయింది. మేం ఆఖరికి పట్టుకున్నది సిలిండర్లకు గాలి పంచే మెనీఫోల్డ్ అడుగున, చేయి కూడా సరిగ్గా పట్టని చోట, పీసీవీ హోస్, అంటే ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ మెనీఫోల్డ్‌లోకి తెచ్చే రబ్బరు పైపు, వంపు దగ్గర ఉన్న చీలిక. పైనుంచి చూస్తే ఆ హోస్ కొత్తదానిలాగే ఉంది. చెడిపోయింది ఒక్క హోస్, మార్చింది మూడు పార్టులు. ఈ తేడా నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇలా ఇంజన్‌లోకి దొంగదారిన గాలి దూరే ఎయిర్ లీక్ గురించి చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు లోపల జరిగేది అర్థం చేసుకోండి. ఐడ్లింగ్‌లో, అంటే రేసు ఇవ్వకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, త్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలిని గుంజుతూనే ఉంటాయి. అందుకే బయట గాలి ఒత్తిడి 100 కిలోపాస్కల్ దగ్గర ఉంటే, మెనీఫోల్డ్‌లో 30, 35కు పడిపోతుంది. కొబ్బరి బోండంలో పెట్టిన స్ట్రాకు చీలిక ఉంటే నీళ్లకు బదులు గాలి వస్తుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. ట్యూబు పంక్చర్‌లో గాలి బయటికి పోతుంది, ఇందులో లోపలికి దూరుతుంది. కాబట్టి సబ్బు నీళ్లు పోసి బుడగల కోసం చూస్తే ఏమీ కనిపించదు.

ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. దొంగదారిన వచ్చిన గాలి ఈ లెక్కను చెడగొడుతుంది. అయితే ఎలా చెడగొడుతుందన్నది బండిలో ఉన్న సెన్సర్‌ను బట్టి ఉంటుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

గాలిని దారిలోనే కొలిచే మాఫ్ సెన్సర్ ఉంటే, సెన్సర్ దాటిన తర్వాత దూరిన గాలి దాని లెక్కలోకి రాదు. పెట్రోల్ తక్కువ పడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ అది పసిగడుతుంది, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె, ప్లస్ 20, 25 దాకా పోతుంది, పెట్రోల్ తక్కువ పడుతోందని చెప్పే పి 0171 కోడ్ వస్తుంది. అప్పుడు రేసు 2500 ఆర్‌పీఎంకు పెంచి పట్టుకోండి. ట్రిమ్ మళ్లీ సున్నా దగ్గరికి దిగితే అది ఎయిర్ లీకే. ఐడ్లింగ్‌లో వచ్చే కొద్ది గాలిలో లీక్ వాటా పెద్దది, రేసు పెంచాక అదే లీక్ వాటా చిన్నది. అట్లా కాకుండా లోడ్ పెరిగే కొద్దీ ట్రిమ్ ఎక్కువవుతుంటే పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్ల వైపు చూడండి.

మెనీఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న బండి వేరు. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. దూరిన గాలి ఒత్తిడిని పెంచుతుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పోస్తుంది. ట్రిమ్ మామూలుగానే కనిపిస్తుంది, రేసు మాత్రం పెరుగుతుంది. మరీ పెరిగితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది, రేసు పడిపోతుంది, మళ్లీ పోస్తుంది. నర్సంపేట బండి ఊగింది ఇందుకే. ట్రిమ్ బాగుందని చూసి ఎయిర్ లీక్ లేదని ముందే తేల్చేశారు. మేం చూసినప్పుడు ఐడ్లింగ్‌లో 30, 35 ఉండాల్సిన మ్యాప్ 46 కిలోపాస్కల్ చూపించింది. ఆ ఒక్క అంకె చూసి ఉంటే మూడు పార్టులు మిగిలేవి.

స్కానర్ లేనివాళ్లు మెనీఫోల్డ్ గుంజుడును కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెట్టండి. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) దాకా చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. వరంగల్ దాదాపు 870 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఒక అంగుళం తక్కువ వస్తే కంగారు పడొద్దు.

చోటు పట్టుకోవడానికి మొదట చెవి పెట్టండి. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, ఒక రబ్బరు పైపు ముక్క చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొస మెనీఫోల్డ్ చుట్టూ తిప్పితే బుస వినిపిస్తుంది. బెల్టుకు దూరంగా తిప్పండి. తర్వాత ఒక్కో హోస్‌ను గుడ్డ చుట్టి మెల్లగా నొక్కండి. ఏది నొక్కితే రేసు మారుతుందో లీక్ ఆ వైపు ఉంది. బ్రేక్ తొక్కినప్పుడు లోపల బుస వినిపించి రేసు మారితే, మెనీఫోల్డ్ గుంజుడుతో బ్రేక్‌కు బలమిచ్చే బూస్టర్‌ను అనుమానించండి. అలాంటి బండిని మాత్రం రేపు చూద్దామని రోడ్డు మీదికి పంపొద్దు, అది బ్రేక్ సంగతి. ప్యాకింగ్ దగ్గర, ఇంజెక్టర్ ఓ-రింగుల దగ్గర అనుమానం ఉంటే నీళ్లు సన్నగా చల్లండి. నీరు చీలికను కాసేపు మూస్తుంది, ఇంజన్ శబ్దం మారుతుంది. వైర్ల కనెక్టర్ల మీద పడనీయొద్దు.

లీక్ వెతకడానికి కార్బ్ క్లీనర్ అనే మండే స్ప్రే కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. చేతులు జోడించి అడుగుతున్నాను, వేడి ఇంజన్ మీద అది కొట్టొద్దు. సైలెన్సర్ వేడికో, ఒక్క నిప్పురవ్వకో మంట లేస్తుంది. ఆపిన ఇంజన్ లోపలికి పొగ పంపి, అది బయటికి వచ్చే చోటును చూపించే స్మోక్ మెషీన్ అన్నిటికంటే నమ్మకమైనది. ఒక పీఎస్‌ఐ లోపు ఒత్తిడి చాలు, కంప్రెసర్ గాలి నేరుగా పెడితే మంచి సీల్ కూడా పోతుంది.

ఇంకొక లీక్ ఉంది, నాకు దాని మీదే ఎక్కువ భయం. ఎయిర్ ఫిల్టర్‌కూ త్రాటిల్‌కూ మధ్య ఉండే పైపు చిరిగితే మ్యాప్ సెన్సర్ బండిలో ఏ గుర్తూ కనిపించదు. లైటు వెలగదు, రేసు మారదు. కానీ ఫిల్టర్ పట్టని దుమ్ము తిన్నగా సిలిండర్‌లోకి పోతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండ్లు చూడండి, ఆ రాతి పొడి రింగులను అరగదీస్తుంది. కొన్నాళ్లకు ఆయిల్ తాగడం మొదలవుతుంది. సర్వీసుకు వచ్చిన ప్రతి బండికీ ఆ పైపు విప్పి, తెల్ల గుడ్డతో లోపల తుడవండి. గుడ్డకు మట్టి అంటితే దారి ఎక్కడుందో వెతకండి. ఎండకు గట్టిపడ్డ రబ్బరు, పొలం పక్కన పెట్టిన బండిలో ఎలుక కొరికిన హోస్, సర్వీసులో సరిగ్గా కూర్చోని క్లిప్పు, సీఎన్‌జీ కిట్ కోసం కోసి అతికించిన పైపు, నాకు ఎక్కువగా దొరికేవి ఇవే.

బయట ఒక బండి పెట్టించాను. నలుగురు నలుగురుగా రండి. ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి మొదట పర్జ్ వాల్వ్ చూద్దాం, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని దాచే క్యానిస్టర్ నుంచి ఆ ఆవిరిని మెనీఫోల్డ్‌లోకి వదిలేది ఇదే. స్టార్ట్ చేసి, వాల్వ్ నుంచి క్యానిస్టర్ వైపు పోయే హోస్ విప్పి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. చల్లటి ఇంజన్‌లో అక్కడ గుంజుడు ఉండకూడదు. ఉంటే ఏమనుకోవాలో మీరే నాకు చెప్పండి.