కారు కింద పెట్టే నల్ల బిళ్లలు: నాలుగు వచ్చాయి, మూడు మిగిలాయి

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, కారుని లిఫ్ట్‌తోనో జాకీతోనో ఎత్తేటప్పుడు మధ్యలో పెట్టే ఈ బిళ్లలు నేను కొన్నవి కావు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అని కాగితమూ పంపలేదు. పంపి ఉంటే ఈ వీడియోలో సగం తీసేయమనేవాళ్లు.

వీటి కొలతలు, ఎంత బరువు ఆపుతాయి, ఏ మోడల్‌కి ఏది సరిపోతుంది, ఇవన్నీ మీరు వేరే చోట చూసే ఇక్కడికి వచ్చి ఉంటారు. మళ్లీ చదివి మీ టైం తినను. ఇదిగో, మధ్యలో అల్యూమినియం, చుట్టూ పాలీయురేథేన్, పైన బొటనవేలంత బొడిపె, ఆ బొడిపె మెడ చుట్టూ సన్నటి రబ్బరు రింగ్, ఇంగ్లిష్ O అక్షరంలా ఉంటుంది కాబట్టి దీన్ని 'ఓ రింగ్' అంటారు. అంతే. ఈ వీడియో దాదాపు మొత్తం ఆ ఓ రింగ్ గురించే.

బండి నాది కాదు, మా బావది. పోర్షే కేమన్, 987 అనే పాత మోడల్, సెకండ్ హ్యాండ్. ఆయన నడుపుతారు, నేను కడుగుతాను. వర్క్‌షాప్‌కి తీసుకెళ్లేదీ నేనే, అక్కడ ఏదైనా అయితే తిట్లు తినేదీ నేనే. ఆ తిట్ల కథ చెప్పకుండా ఈ బిళ్ల ఎందుకో చెప్పలేను.

రెండేళ్ల క్రితం టైర్లు మార్చడానికి ఊళ్లోనే ఒక చోటికి తీసుకెళ్లా. పేరు చెప్పను. టూ పోస్ట్ లిఫ్ట్, అంటే రెండు స్తంభాలకి ఉన్న నాలుగు ఇనప చేతులతో (ఆర్మ్‌లు) బండిని ఎత్తేది, కొత్తదే. కుర్రాడు నాలుగు ఆర్మ్‌లూ లోపలికి తోశాడు, బటన్ నొక్కాడు. నేను బయట టీ తాగుతున్నా. 'టక్' అని ఒక చప్పుడు వినిపించింది. గ్లాసు అక్కడే పెట్టి పరిగెత్తా. అప్పటికే కుడి వైపు సైడ్ స్కర్ట్ మీద, అంటే తలుపు కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ మీద, వెంట్రుకంత గీత. కిందికి దించి చూస్తే అది గీత కాదు, పగులు.

"స్విఫ్ట్‌కి పెట్టే చోటే పెట్టాను సార్" అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. స్విఫ్ట్‌కి గుమ్మం కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన అంచు ఉంటుంది చూడండి, ఆ అంచులో జాకీ పెట్టే చోట్లకి గుర్తులుంటాయి. రోజుకి పది బండ్లు అలా ఎత్తిన చెయ్యి పదకొండో దానికీ అలాగే వెళ్తుంది. ఈ బండికి ఆ అంచు పని చేయదు. కింద నాలుగు చోట్ల గుండ్రటి దిమ్మెలు ఉంటాయి, ఒక్కో దాని మధ్యలో ఒక రంధ్రం. బరువు అక్కడ పడాలి. నాలుగు వేళ్లు పక్కకి జరిగితే బరువు పడేది ప్లాస్టిక్ మీద.

సరే, ఇప్పుడు ఓ రింగ్.

ఇలాంటి బిళ్లలు నేను ముందు కూడా వాడాను. మొదట వాడింది టేకు ముక్క, మా ఇంటి తలుపులు చేయించినప్పుడు మిగిలింది. తర్వాత లారీ టైరు కోసి చేయించిన రబ్బరు చెక్క. అమెరికాలో ఐస్ హాకీ ఆడే పక్ ఉంటుంది కదా, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, గట్టి రబ్బరు. అక్కడి వాళ్లు దాన్నే కారు కింద పెట్టేస్తారని తెలిసి అదీ తెప్పించా. మూడూ బరువు ఆపాయి. ఆ విషయంలో దేనికీ వంక పెట్టను. సమస్య బరువుది కాదండి, చేతులది.

ఒకసారి ఊహించుకోండి. బండి నేలకి జానెడు ఎత్తులో కూడా లేదు. లిఫ్ట్ ఆర్మ్ మీద రబ్బరు ముక్క పెట్టాలి, ఆర్మ్‌ని లోపలికి తోయాలి, రంధ్రం ఎక్కడుందో చూడాలి. చూడాలంటే చెంప నేలకి ఆనించాలి. ఒక చెయ్యి ముక్కని పట్టుకోవాలి, ఇంకో చెయ్యి ఆర్మ్‌ని జరపాలి, మూడో చేత్తో టార్చ్ పట్టుకోవాలి. ఇలా నాలుగు మూలలా చేయాలి. మూడో మూలకి వచ్చేసరికి మొదటి మూలలో ముక్క కాస్త జరిగి ఉంటుంది, ఎవరూ చూడరు. లిఫ్ట్ పైకి లేస్తుంది, టక్.

ఇది అలా కాదు. బొడిపెని రంధ్రంలో పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే ఓ రింగ్ లోపల బిగుస్తుంది, బిళ్ల కారుకే అంటుకుని వేలాడుతుంది. చెయ్యి తీసేయొచ్చు. నాలుగూ పెట్టేసి, లేచి, నడుం సరిచేసుకుని, అప్పుడు తీరిగ్గా ఆర్మ్‌లు తోయొచ్చు. ఆర్మ్ ఎక్కడికి రావాలో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. నల్ల బిళ్ల కనిపిస్తుంది కదా, దాని కిందికి రావాలి. తెలుగు రాని కుర్రాడికైనా, పోర్షే మొహం ఎప్పుడూ చూడని కుర్రాడికైనా అర్థమవుతుంది.

పది రూపాయల రబ్బరు రింగండి అది. మిగతా బిళ్లంతా కలిపినా నాకు ఆ రింగ్ అంత నచ్చలేదు.

మొన్న మా వైజాగ్ ఆటోనగర్‌లో మా మేస్త్రీ గారికి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, ఇంత బండికి ఈ బిళ్ల ఆగుద్దా?" అన్నారు. లెక్క చెప్పా. బండి 1,350 కిలోలు అనుకుందాం. ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది కాబట్టి వెనక భాగమే కాస్త బరువు. వెనక ఒక్కో బిళ్ల మీద పడేది 400 కిలోల లోపే. ఆయన వినలేదు. బండిని నేల నుంచి ఒక అడుగు ఎత్తు లేపించి, రెండు చేతులతో బంపర్ పట్టుకుని ఊపి చూసి, అప్పుడు తలూపారు. నిజానికి ఆ అడుగు ఎత్తులో ఊపి చూడటమే అసలు పద్ధతి. పూర్తిగా పైకి లేపాక ఊపి లాభం లేదు. ఇంకో మాట కూడా అన్నారాయన. ఇలాంటి బండి లిఫ్ట్ మీద ఉండగా ఇంజిన్ దించితే బరువంతా ఒక్కసారి ముందుకి పోతుంది, కాబట్టి వెనక భాగాన్ని లిఫ్ట్‌కి బెల్టుతో కట్టకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదట. ఈ బిళ్ల ఆ ప్రమాదాన్ని ఆపదు. పెట్టె మీద ఆ ముక్క రాసి ఉంటే బాగుండేది.

గట్టిదనం గురించి కూడా చెప్పాలి. చాలామంది మెత్తగా ఉంటే మంచిదనుకుంటారు. నా లారీ టైరు ముక్క మెత్తనిదే. బరువు పడగానే పక్కలకి ఉబ్బి స్కర్ట్ అంచుని తాకేది. అలాగని ఉత్త అల్యూమినియం పెడితే కారు దిమ్మె మీద గాటు పడుతుంది. మా పెదనాన్న షిప్‌యార్డ్‌లో చేసి రిటైర్ అయ్యారు. ఆయనకి ఈ బిళ్ల చూపిస్తే నవ్వి, డ్రై డాక్ గురించి, అంటే నీళ్లు తోడేసి ఓడని దిమ్మెల మీద నిలబెట్టి రిపేరు చేసే చోటు గురించి చెప్పారు. ఓడ లోపలికి రాకముందే డాకింగ్ ప్లాన్ అని ఒక డ్రాయింగ్ చూసుకుని, కింద దిమ్మెలు వరసగా పేరుస్తారట. ఓడలో గట్టి ఎముకలు ఎక్కడున్నాయో వాటి కిందే దిమ్మె రావాలి, రెండు ఎముకల మధ్య ఉత్త రేకు కింద కాదు. దిమ్మె పైన చెక్క వేస్తారు. "ఆ చెక్క ఎందుకురా అంటే, నలిగితే అది నలగాలి, ఓడ కాదు" అన్నారు. వేల టన్నుల ఓడకైనా మా బావ కారుకైనా లెక్క అదే, ముందు చోటు, తర్వాత చెక్క. ఈ పాలీయురేథేన్ ఆ చెక్క పని చేస్తోంది. ఎనిమిది నెలల్లో దాదాపు పదిహేను సార్లు ఎత్తాం, బిళ్ల మీద చిన్న నొక్కులున్నాయి, కారు మీద ఏమీ లేవు. నూనె పడితే రబ్బరులా ఉబ్బలేదు కూడా.

ఇక నాకు ఒళ్లు మండిన విషయానికి వస్తా.

కారుకి అంత గట్టిగా అంటుకునే వస్తువుని నల్ల రంగులో ఎవరైనా చేస్తారా అండి? నల్ల కారు అడుగు, నల్ల ప్లాస్టిక్, నల్ల టైరు, మధ్యలో నల్ల బిళ్ల! మద్దిలపాలెంలో పని అయిపోయింది, బండి దించాం, కుర్రాడు మూడు బిళ్లలు తెచ్చి చేతిలో పెట్టాడు. నేను లెక్కపెట్టలేదు, తప్పు నాదే. బావ గారి ఇంటికి రుషికొండ దాకా నడుపుకుంటూ వెళ్లిపోయా. హనుమంతవాక దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద ఏదో గీరిన చప్పుడైంది. ఈ బండికి స్పీడ్ బ్రేకర్లు గీరడం మామూలే కదా అని ఆగలేదు. ఇంటికెళ్లి పెట్టె తెరిస్తే నాలుగో గుంత ఖాళీ.

ఇనప ఊచలు వేసుకెళ్లే లారీ ఈ ఊళ్లో చూడని వాళ్లు లేరు. వెనక ఊచలు బయటికి వస్తే చివర ఒక ఎర్ర గుడ్డ కడతారు. అంత చిన్న తెలివి ఈ బిళ్ల చేసిన వాళ్లకి రాలేదు. ఇప్పుడు నేను మిగిలిన మూడింటికీ రంధ్రం వేయించి జానెడు ఎర్ర రిబ్బన్ కట్టా. ఇదిగో చూడండి. అసహ్యంగా ఉంది, పని చేస్తోంది. వచ్చే బ్యాచ్ ఎర్రగా చేయండి మహాప్రభో అని కంపెనీకి మెయిల్ పెట్టా. మాట్ బ్లాక్ ప్రీమియంగా కనిపిస్తుందని జవాబు ఇచ్చారు. కారు అడుగున ప్రీమియం ఎవరు చూస్తారు, కుక్కలా?

ఇంట్లో ట్రాలీ జాకీతో వాడే వాళ్లకి ఇంకో మాట. జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది. అంటే ఎత్తుతున్నకొద్దీ జాకీ కింది చక్రాల మీద కొద్దిగా దొర్లాలి. గచ్చు నున్నగా ఉంటే దొర్లుతుంది. మా సెల్లార్ గచ్చు పగుళ్లలో చక్రం ఇరుక్కుంటుంది. అప్పుడు జాకీ కదలదు, బిళ్లని పక్కకి లాగుతుంది. మామూలు రబ్బరు ముక్క అయితే జారిపోయేది. ఇది రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది కదా, జారదు, ఆ లాగుడంతా కారు దిమ్మె మీదే పడుతుంది. నేను పొగిడిన గుణమే ఇక్కడ ఎదురు తిరిగింది. ఇప్పుడు జాకీ కింద మందపాటి ఇనప రేకు వేస్తున్నా, సమస్య లేదు. మామూలు ట్రాలీ జాకీ ఈ బండి కింద దూరదు కూడా, లో ప్రొఫైల్‌ది, అంటే ఎత్తు తక్కువున్నది కావాలి. లేదంటే ముందు చక్రాలని రెండు చెక్క పలకల మీదకి ఎక్కించి ఆ ఎత్తు సంపాదించుకోవాలి.

ఇంకొకటి ఉంది, అది ఈ బిళ్ల వల్ల తీరేది కాదు. జాకీ పెట్టే చోటూ, ఎత్తాక బండిని ఆపి ఉంచే స్టాండ్ పెట్టే చోటూ ఒక్కటే. ఆ దిమ్మె కింద జాకీ కూర్చుంటే స్టాండ్ ఎక్కడ పెడతారు? జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, ఎంత ఖరీదైన జాకీ అయినా సరే. జాకీ కోసమని అడుగు రేకు మీదకి వెళ్లొద్దు కూడా. కంపెనీ మాన్యువల్‌లో వేరే చోటు చూపిస్తే అక్కడ. లేదంటే లిఫ్ట్ ఉన్న చోటికి వెళ్లండి.

వేరే బండ్ల వాళ్లు కామెంట్లలో అడుగుతారు కాబట్టి గబగబా చెప్పేస్తా. కార్వెట్‌కి రంధ్రం కాదు, పొడుగాటి గాడి ఉంటుంది. దాని బిళ్ల వేరే, గాడిలో పెట్టి తిప్పాలి. లోటస్ ఎలీస్ ఛాసిస్ అయితే అల్యూమినియం ముక్కలు జిగురుతో అతికించింది, అక్కడ ప్రయోగాలు వద్దు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లలో ఎత్తే ముందు జాక్ మోడ్ ఆన్ చేయాలి, లేకపోతే బండి గాల్లో ఉండగా తనంతట తాను ఎత్తు సరిచేసుకోవాలని చూస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో సాధారణంగా అడుగంతా బ్యాటరీయే, చోటు తప్పితే పగిలేది ప్లాస్టిక్ కాదు. మీది స్విఫ్టో ఐ20యో అయితే ఈ బిళ్ల కొనకండి, పనికి రాదు. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముక్క చాలు, ఆ వెల్డ్ అంచు గాడిలో కూర్చుంటుంది.

కొనాలా అంటే, కేమన్, బాక్‌స్టర్, 911 ఉన్నవాళ్లు కొనండి. నాలుగూ కొనండి, రెండు కొంటే లిఫ్ట్ మీద ఏం లాభం? మన సముద్రపు గాలికి ఓ రింగ్ ఎండి పగులుతోంది, నాకు ఆరు నెలలకే ఒకటి తెగింది. ఇలాంటి రింగులు హార్డ్‌వేర్ షాపులో విడిగా దొరుకుతాయి, నాలుగు తెచ్చి డాష్‌బోర్డులో పడేసుకోండి. బావ గారి స్కర్ట్‌కి అయిన ఖర్చులో ఈ సెట్ పదో వంతు కూడా కాదు. ఆ లెక్క ఆయన నాకు ప్రతి పండక్కీ గుర్తు చేస్తుంటారు.

నా నాలుగో బిళ్ల హనుమంతవాకకీ ఎండాడకీ మధ్య హైవే పక్కన ఎక్కడో ఉంది. నల్లగా, గుండ్రంగా, పైన బొడిపెతో. ఎవరికైనా కనిపిస్తే కామెంట్ పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటా. కనిపించడం మాత్రం కష్టమే.