చెక్కు రాయని ప్రొడ్యూసర్: మట్ లాంగ్ గురించి బావా బామ్మర్దుల ముచ్చట

బామ్మర్ది: రికార్డ్ అవుతోందా? ఆ, ఎర్ర లైట్ వెలిగింది. బావా, మొదలెట్టే ముందు ఒకటి చెప్పాలి, మొన్న మా అమ్మతో ఈసారి ఒక ప్రొడ్యూసర్ గురించి మాట్లాడుకుంటున్నాం అన్నా, వెంటనే "పాపం ఏ సినిమాకి పోయాయిరా డబ్బులు" అంది.

బావ: [నవ్వు] అత్తయ్య తప్పేం లేదురా. మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే చెక్కు రాసేవాడు, రిలీజ్ ముందు రోజు రాత్రి ఫైనాన్షియర్ల చుట్టూ తిరిగేవాడు. రికార్డ్ ప్రొడ్యూసర్ పని వేరు. ఆ పనిని మన సినిమా పాటల్లో మ్యూజిక్ డైరెక్టరూ, ఆయన దగ్గర ప్రోగ్రామింగ్ చేసే కుర్రాళ్ళూ, సౌండ్ ఇంజనీరూ తలా కాస్త పంచుకుంటారు. అక్కడేమో రాక్ బ్యాండ్ పాటలు రాసుకుని వస్తుంది, ఏ పాట ఉండాలి, ఏది పోవాలి, మన పల్లవిలా మళ్ళీ మళ్ళీ వచ్చే కోరస్ ఎప్పుడు రావాలి, డ్రమ్ ఎలా వినపడాలి, సింగర్ ఇంకోసారి పాడాలా అక్కర్లేదా, ఇవన్నీ తేల్చేది ప్రొడ్యూసర్. మనం చెప్పుకునే మట్ లాంగ్ అయితే ఇంకో అడుగు ముందుకెళ్ళి పాట కూడా కూర్చుని రాసేస్తాడు.

బామ్మర్ది: అసలు పేరు రాబర్ట్ జాన్ లాంగ్. పుట్టింది 1948లో, ముఫులిరా అని ఇప్పటి జాంబియాలో రాగి గనుల ఊరు. పెరిగింది సౌత్ ఆఫ్రికాలో, అక్కడే బ్యాండ్లూ గట్రా, తర్వాత ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. ఈ మధ్య భాగం ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేద్దాం బావా, ఎందుకంటే ఆయన ఇంటర్వ్యూలే ఇవ్వడు, ఇన్ని కోట్ల రికార్డులు అమ్మిన మనిషి మాట్లాడగా విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారో చెప్పు.

బావ: 1978లో బూమ్‌టౌన్ రాట్స్ అనే ఐర్లండ్ బ్యాండ్‌కి బ్రిటన్లో నంబర్ వన్ పాట ఇచ్చాడు, దాంతో పేరు మోగింది. కానీ నాకు అసలు కథ ఏసీ డీసీ అనే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ దగ్గర మొదలవుతుంది. వాళ్ళు 1979లో హైవే టు హెల్ ఆల్బమ్ ముందు వేరే ప్రొడ్యూసర్‌తో మొదలెట్టారు, కుదర్లేదు, లాంగ్‌ని పిలిచారు. వాళ్ళ దగ్గరివాళ్ళు చెప్పే కథ ఒకటుంది. సింగర్ బాన్ స్కాట్ ఒక పాట పాడలేక ఆయాసపడుతున్నాడట, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో లాంగ్ చెప్పబోతే బాన్‌కి తిక్క రేగి "అంత వచ్చినోడివి నువ్వే పాడు" అన్నాడట, లాంగ్ కుర్చీలోంచి లేవకుండా పాడేశాడట!

బామ్మర్ది: [నవ్వు] నేనైతే ఆ రోజే సన్యాసం.

బావ: బాన్ మాత్రం పాడాడురా, అదే గొప్ప. ఆ ఆల్బమ్‌తోనే అమెరికా వాళ్ళకి తలుపు తీసింది. ఇక ఏముంది అనుకునేలోపు 1980 ఫిబ్రవరిలో బాన్ స్కాట్ లండన్లో చనిపోయాడు. బ్యాండ్ అయిపోయిందనుకున్నారు. కొత్త సింగర్‌గా బ్రయాన్ జాన్సన్‌ని తెచ్చుకుని, బహమాస్‌లో నాసౌ అనే ఊళ్ళో కంపాస్ పాయింట్ స్టూడియోలో ఏప్రిల్, మే నెలల్లో రికార్డ్ చేసి జులైలో బ్యాక్ ఇన్ బ్లాక్ రిలీజ్ చేసేశారు. ఐదు నెలలు! ఇవాళ అమెరికాలోనే రెండున్నర కోట్ల కాపీలు దాటింది.

బామ్మర్ది: దానిలో గంట సంగతి చెప్పు బావా.

బావ: ఆ గంట! మొదటి పాట మొదట్లో గంట మోగుతుంది కదా. ఇంగ్లండ్‌లో లఫ్‌బరో అనే ఊళ్ళో గంటలు పోతపోసే పాత ఫౌండ్రీ ఉంది, జాన్ టేలర్ వాళ్ళది. ముందు ఆ ఊళ్ళోనే యుద్ధ స్మారక టవర్‌లో ఉన్న పెద్ద గంట రికార్డ్ చేద్దామని ఇంజనీర్ వెళ్ళాడు. ఒక్క దెబ్బ కొట్టగానే లోపలున్న పక్షులన్నీ బర్రుమని లేచి ఎగిరిపోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, మళ్ళీ కొడితే మళ్ళీ లేవడం. గంట కంటే రెక్కల చప్పుడే ఎక్కువ పడింది. చివరికి బ్యాండ్ కోసం పోతపోస్తున్న రెండు వేల పౌండ్ల గంట, అంటే తొమ్మిది క్వింటాళ్ళు, దాన్నే త్వరగా పూర్తి చేయించి ఫౌండ్రీలోనే రికార్డ్ చేశారు.

[కుక్కర్ విజిల్]

బామ్మర్ది: ఇదిగో మన పక్షులు. అక్కా, ఇక్కడ రికార్డింగ్!

బావ: ఒకటి. మీ అక్క మూడు విజిళ్ళకి కట్టేయమంది, లెక్క నాది. ఏం చెప్తున్నా... ఆ, ఆ ఆల్బమ్ వినురా, దాన్లో ఖాళీ ఎంత ఉందో విను. గిటార్ ఒక్కసారి కొట్టి ఆగుతుంది, ఆ ఆగిన చోట ఏమీ లేదు, వేడన్నంలో ఆవకాయ, నెయ్యి, ఇంకేం అక్కర్లేదు అన్నట్టు. ఇంకో ప్రొడ్యూసర్ అయితే ఆ ఖాళీ చూసి భయపడి ఏదో ఒకటి నింపేవాడు.

బామ్మర్ది: నాకు గొడవ ఉన్నది సరిగ్గా అక్కడే. ఖాళీ అంటే అంత ప్రేమ ఉన్న మనిషి ఏడేళ్ళ తర్వాత డెఫ్ లెపర్డ్ బ్యాండ్‌తో హిస్టీరియా అనే ఆల్బమ్ చేశాడు, దాంట్లో సూది దూర్చే సందు లేదు. నాకు అదే ఇష్టం, నీకు నచ్చదు.

బావ: నచ్చదని కాదు, అలిసిపోతా.

బామ్మర్ది: వినేవాళ్ళ కోసం చెప్తా. డెఫ్ లెపర్డ్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ కుర్రాళ్ళు. 1983లో వాళ్ళతో ముందు పైరోమేనియా అనే ఆల్బమ్ చేశాడు, అమెరికా చార్టుల్లో రెండో ప్లేస్‌కి వెళ్ళి ఆగిపోయింది, ఎందుకంటే పైన కూర్చున్నది మైఖేల్ జాక్సన్ థ్రిల్లర్. దాంట్లో ఒక పాట మొదట్లో వన్ టూ త్రీ ఫోర్ అనాలి, లాంగ్‌కి ప్రతి టేక్‌కీ అదే అనీ అనీ విసుగొచ్చి జర్మన్‌లా వినిపించే అర్థంలేని నాలుగు ముక్కలు అన్నాడు, అది అలాగే పాటలో ఉంచేశారు, పదిహేనేళ్ళ తర్వాత 1998లో ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండ్ ఆ ముక్కనే తమ హిట్ పాట మొదట్లో వాడుకుంది. అలా ఆయన గొంతు ఎవరిదో తెలీకుండానే ప్రపంచమంతా వినేసింది.

బావ: బ్యాకింగ్ గొంతుల్లో కూడా ఉంటాడుగా.

బామ్మర్ది: ఉంటాడు, ఆ కోరస్ గుంపులో ఆయనా ఒకడు. ఇక హిస్టీరియా. థ్రిల్లర్‌లో ఎలాగైతే ఏ పాట తీసినా సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాటగా, వదలచ్చో, రాక్‌లో అలాంటిది చేద్దాం అన్నది ఆయన ఆలోచన. 1984లో మొదలెట్టి, ఒళ్ళు హూనమై ఆయనే తప్పుకున్నాడు. వేరే ప్రొడ్యూసర్‌ని పెట్టుకున్నారు, అది పొసగలేదు. ఆ ఏడాది డిసెంబర్ 31న కారు యాక్సిడెంట్‌లో డ్రమ్మర్ రిక్ అలెన్ ఎడమ చెయ్యి పోయింది. బావా, డ్రమ్మర్‌కి చెయ్యి పోవడం! బ్యాండ్ అతన్ని వదల్లేదు, ఎడమ చేత్తో కొట్టాల్సినవి ఎడమ కాలితో కొట్టేలా పెడల్స్ ఉన్న ఎలక్ట్రానిక్ కిట్ చేయించుకుని కూర్చుని మళ్ళీ నేర్చుకున్నాడు. తర్వాత లాంగ్ తిరిగొచ్చాడు, మళ్ళీ మొదట్నించి. రిలీజ్ అయ్యింది 1987 ఆగస్టులో.

బావ: ఆ గిటార్ పిచ్చి కూడా చెప్పు, నువ్వు వాయిస్తావుగా... వాయిస్తానంటావుగా.

బామ్మర్ది: [నవ్వు] సరే. మామూలుగా కార్డ్ అంటే తీగలన్నీ కలిపి ఒక్కసారి మీటేదే కదా. డిస్టార్షన్, అంటే గిటార్‌ని గరగరలాడించే ఎఫెక్ట్, పెట్టి అలా మీటితే స్వరాలన్నీ ముద్ద అయిపోతాయి. అందుకని ఆయన కొన్నిచోట్ల ఒక్కో తీగనీ విడిగా మీటించి, విడిగా రికార్డ్ చేయించి, తర్వాత టేపు మీద కార్డ్‌గా కలిపాడు. ఆంప్‌లు గర్జించడం కూడా లేదు, రాక్‌మ్యాన్ అని చేతిలో పట్టే చిన్న డబ్బా, దాంట్లోంచి వాయించారు. డ్రమ్స్ అయితే ఫెయిర్‌లైట్ అనే శాంప్లింగ్ కంప్యూటర్‌లో శబ్దాలు పెట్టుకుని దాంతో కట్టారు. గొంతులేమో పొర మీద పొర, ఆత్రేయపురం పూతరేకులే, ఒక్క పొర విడిగా తీస్తే నోట్లో పెట్టకుండానే కరిగిపోతుంది, అన్నీ కలిస్తేనే రుచి.

బావ: మరి మనిషి చేతివాటం ఎక్కడ పోయిందిరా? తీగ తీగ విడదీసి అతికిస్తే అది వాయించడమా, కుట్టడమా?

బామ్మర్ది: కుట్టడమే! అయితే ఏంటి, మగ్గం వర్క్ జాకెట్ వేసుకున్నప్పుడు అక్క ఎప్పుడైనా అది కుట్టడం అని ఫీలయిందా? పైగా ఇంత కొలిచి కొలిచి చేసినోడు అనుకోకుండా దొరికినదాన్ని పట్టుకోగలడు, అది చూడు. ఆల్బమ్ దాదాపు అయిపోయింది, బ్రేక్‌లో సింగర్ జో ఎలియట్ ఊరికే గిటార్ పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తుంటే లాంగ్ విని, అదేంటి, అదే చేద్దాం అన్నాడు. అన్నీ మూట కట్టేసే టైములో కొత్త పాట! ఆ పాటే అమెరికాలో ఆల్బమ్‌ని ఎక్కడికో తీసుకెళ్ళింది. మొత్తం ఏడు సింగిల్స్, అమెరికాలోనే కోటీ ఇరవై లక్షల కాపీలు.

[కుక్కర్ విజిల్]

బావ: రెండు. సరే ఆ కూనిరాగం దగ్గర నీకు మార్కులు ఇచ్చేశా. అయితే నాకు ఇక్కడ ఇంకో విషయం ముఖ్యం, డబ్బు. ఆ ఆల్బమ్‌లో ప్రతి పాటకీ రచయితల పేర్లలో లాంగ్ పేరుంది. ప్రొడ్యూసర్‌కి వచ్చే వాటా వేరు, పాట రాసినవాడికొచ్చే రాయల్టీ వేరు, రేడియోలో వచ్చినా, ఇంకెవరో మళ్ళీ పాడినా రాసినవాడికి వస్తూనే ఉంటుంది. మన దగ్గర పాటల రచయితలు ఈ రాయల్టీ కోసం ఎన్నేళ్ళు కొట్లాడారో నీకు తెలుసుగా, 2012లో చట్టం మార్చేదాకా నిర్మాతకి రాసిచ్చేస్తే అంతే సంగతులు.

బామ్మర్ది: అలా చూస్తే ఆయన అసలు లాభం తొంభైల్లోనే. 1991లో కెనడా సింగర్ బ్రయాన్ ఆడమ్స్ పాడిన రాబిన్ హుడ్ సినిమా పాట, బ్రిటన్లో వరసగా 16 వారాలు నంబర్ వన్. రాసింది ఆడమ్స్, లాంగ్, మైఖేల్ కేమెన్.

బావ: అబ్బా, ఆ పాట! మా హాస్టల్లో ఫేర్‌వెల్ రోజు అది పాడకుండా ఏ సీనియరూ స్టేజి దిగలేదు. ఇంగ్లీష్‌లో వైవా అంటే వణికిపోయేవాడు కూడా ఆ పాట మాత్రం కళ్ళు మూసుకుని పాడేవాడు. అది రాసినోడే బ్యాక్ ఇన్ బ్లాక్ చేసినోడని నాకు ముప్ఫై ఐదేళ్ళొచ్చాక తెలిసింది.

బామ్మర్ది: తర్వాత షనాయా ట్వెయిన్, కెనడా కంట్రీ సింగర్. లాంగ్ ఫోన్ చేస్తే ఆవిడకి ఈయనెవరో తెలీదట, ఫోన్లోనే పాటలు రాసుకునేవాళ్ళు, 1993లో కలిశారు, ఆ ఏడాది చివర్లోనే పెళ్ళి. 1997లో ఆవిడ ఆల్బమ్ కమ్ ఆన్ ఓవర్, పదహారు పాటలూ వాళ్ళిద్దరే రాశారు, ప్రపంచం మొత్తం మీద నాలుగు కోట్లు. అక్కడ ఆయన చేసిన తెలివైన పని, కంట్రీ మ్యూజిక్, అంటే అమెరికా పల్లెపాటల బాణీ, వింటే చెవులు మూసుకునే దేశాలకి ఫిడిలూ స్టీల్ గిటారూ తగ్గించి వేరే మిక్స్ పంపాడు. పాట అదే, చొక్కా మార్చాడంతే. తర్వాత 2010లో విడాకులు, అది వాళ్ళ సొంత విషయం, వదిలేద్దాం.

బావ: చొక్కా అంటే గుర్తొచ్చింది, 2002లో షనాయా అప్ ఆల్బమ్. మూడు రంగులు. ఎరుపు డిస్క్ పాప్, ఆకుపచ్చ డిస్క్ కంట్రీ, నీలం డిస్క్ వచ్చేసి మన ఇండియన్ రంగు! అది చేసింది బర్మింగ్‌హామ్‌లో ఉండే సైమన్, డైమండ్ దుగ్గల్ అనే అన్నదమ్ములు, అపాచీ ఇండియన్ అనే బ్రిటన్ సింగర్‌తో పనిచేసినవాళ్ళు. కెనడా కంట్రీ సింగర్ వెనకాల మన వాద్యాలు. పందొమ్మిది పాటలూ మూడేసి సార్లు కట్టారురా, అలాంటి మొండితనం ఎవరికి ఉంటుంది?

బామ్మర్ది: అప్పట్లో అది ఓవర్ అన్నారు కదా చాలామంది.

బావ: నేనూ ఓవరే అంటా. కానీ పాట గట్టిదైతేనే మూడు చొక్కాలూ పడతాయి, అది మాత్రం ఒప్పుకుంటా. చెప్పాలంటే నా ఆవకాయన్నం, నీ పూతరేకులు రెండూ ఆయనకి ఒకటేనేమో, ముందు పాట దొరకాలి, దానికేం కావాలో తర్వాత చూస్తాడు.

బామ్మర్ది: అదేంటి బావా, ఇంత తొందరగా రాజీ? సరే, ఆ తర్వాతవి నాకు అంత ఎక్కలేదు, 2010లో మెరూన్ ఫైవ్ బ్యాండ్‌ని స్విట్జర్లాండ్‌కి రప్పించుకుని చేసిన ఆల్బమ్ అయితే శుభ్రంగా ఉంటుంది, మరీ శుభ్రంగా, ఆస్పత్రిలా. 2015లో మ్యూజ్ బ్యాండ్‌తో డ్రోన్స్ చేశాడు, దానికి గ్రామీ వచ్చింది, అది పర్లేదు. నువ్వు ఆ నీలం డిస్క్ విన్నావా పూర్తిగా?

బావ: మూడు పాటలు విన్నా. నా దగ్గరుంది, మీ అక్క పాత సీడీల డబ్బాలో.

బామ్మర్ది: తే మరి, ఇప్పుడే పెడదాం.

[కుక్కర్ విజిల్]

బావ: మూడు. ఆగు, ముందు స్టవ్ కట్టేసొస్తా.