మంచి ఆసుపత్రి ఏదో లెక్క చెప్పగలదా?

(తెర మీద: రెండు అంకెలు పక్కపక్కన. 78 శాతం, 83 శాతం.)

నమస్కారమండీ. కిడ్నీలో రాళ్లకి రెండు రకాల వైద్యం అనుకోండి. ఒకటి కోసి తీసే పాత ఆపరేషన్. రెండోది వీపు వైపు చిన్న రంధ్రం పెట్టి గొట్టంతో తీసేది. 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన లెక్క ఇది. ఒక్కో పద్ధతిలో 350 మంది. కోసిన వాళ్లలో 273 మందికి ఫలితం వచ్చింది, రంధ్రం పెట్టిన వాళ్లలో 289 మందికి. మీ నాన్నగారికి ఏది చేయించమంటారు? రంధ్రమే అంటారు కదా. కాస్త ఆగండి.

(తెర మీద: అదే పట్టిక రాయి సైజు ప్రకారం రెండుగా విడిపోతుంది.)

చిన్న రాళ్లవాళ్లని వేరుగా చూద్దాం. కోతలో 87కి 81, అంటే 93 శాతం. రంధ్రంలో 270కి 234, అంటే 87 శాతం. మరి పెద్ద రాళ్లు? కోతలో 263కి 192, 73 శాతం. రంధ్రంలో 80కి 55, 69 శాతం. చిన్న రాళ్లలో కోతే మెరుగు, పెద్ద రాళ్లలోనూ కోతే మెరుగు. కలిపేసరికి మాత్రం వెనకబడింది! కష్టమైన పెద్ద రాళ్లు ఎక్కువగా కోతకి పోయాయి, తేలిక కేసులు రంధ్రం వాటాకి వచ్చాయి. అంతే తేడా.

నేను అమెరికాలో ఆసుపత్రుల నాణ్యత మీద పరిశోధన చేసే బృందంలో డేటా సైంటిస్టుని. మా పనికి గుండెకాయ ఈ పట్టికే. ముసలివాళ్లు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా వచ్చే ఆసుపత్రిలో చావులు ఎక్కువే ఉంటాయి. అందుకే ఇలాంటి రోగులకి మామూలుగా ఎన్ని చావులు జరగొచ్చో ముందు అంచనా కడతాం, తర్వాత నిజంగా జరిగినవాటిని దాని పక్కన పెడతాం.

ఈ లెక్క తప్పితే డబ్బు పోతుంది. 2012 అక్టోబరు నుంచి మెడికేర్, అంటే అమెరికాలో ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఒక నియమం పెట్టింది. గుండెపోటు, న్యుమోనియా లాంటి జబ్బులతో చేరి ఇంటికెళ్లినవాళ్లు 30 రోజుల్లోపు మళ్లీ చేరడం అంచనా కన్నా ఎక్కువైతే ఆసుపత్రికిచ్చే డబ్బులో కోత. ఇప్పుడది 3 శాతం దాకా ఉంటుంది. ఇంటి దగ్గర చూసుకునే మనిషి లేని పేదరోగి తిరిగొస్తే తప్పు ఆసుపత్రిదా? ఈ గొడవ చాలా ఏళ్లు నడిచింది. చివరికి 2016లో చట్టం మార్చారు, పేదరోగుల వాటా దగ్గరదగ్గరగా ఉన్న ఆసుపత్రులనే ఒకదానితో ఒకటి పోల్చాలని. నా దృష్టిలో అది న్యాయమే.

(తెర మీద: బిల్లు కాగితం, ఒక గడి చుట్టూ ఎర్రగీత.)

ఇక డేటా. మాకొచ్చేది చాలావరకు బిల్లుల కోసం రాసింది, నాణ్యత కొలవడానికి రాసింది కాదు. మన ఆరోగ్యశ్రీ క్లెయిములైనా అంతే. అమెరికా బిల్లులో ప్రతి జబ్బు పక్కనా ఒక అక్షరం ఉంటుంది. 'వై' అంటే చేరేటప్పటికే ఉంది, 'ఎన్' అంటే చేరాక వచ్చింది.

ఒకసారి ఒక ఆసుపత్రిలో బెడ్‌సోర్స్, అదే పడక పుండ్లు, అంచనా కన్నా బాగా ఎక్కువగా తేలాయి. చాలావాటి పక్కన 'ఎన్'. నా కోడ్‌లో తప్పుందేమోనని రెండుసార్లు చూసుకున్నాను, లేదు. అప్పుడు అక్కడి సీనియర్ నర్సు ఒకావిడ కేస్ షీట్లు తెరిచి చూపించారు. "చూడమ్మా, మొదటి రోజే మావాళ్లు పుండు ఉందని రాశారు." నిజమే. కానీ జబ్బు ఉందని డాక్టరు రాస్తేనే కోడింగ్‌కి, అంటే బిల్లులో జబ్బుల కోడ్‌లు వేయడానికి, చెల్లుతుంది, నర్సు రాత పుండు ఎంత లోతుందో చెప్పడానికే పనికొస్తుంది. డాక్టరు నాలుగో రోజు రాశారు. కోడ్ చేసినవాళ్లు డాక్టర్ని అడగకుండా 'ఎన్' వేసేశారు.

అలాంటివన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాం. అంచనా కట్టే మోడల్ రాయడానికి రెండు రోజులు పడితే దీనికి మూడు వారాలు పట్టింది. అప్పటికీ కొన్ని పుండ్లు మిగిలాయి. ఆ షీట్లూ ఆవిడే తెరిచారు. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి టైము రాయాలి. పగలు గడులన్నీ నిండి ఉన్నాయి. రాత్రి పది నుంచి తెల్లవారు ఆరు దాకా గడులు ఖాళీ. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ వారం రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులున్నారో చూడమన్నారు.