పద్దులు రాసిన దొర

శ్రోతలకు నమస్కారం.

1945 మే 7. జర్మనీ ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దు దగ్గరున్న ఫ్లెన్స్‌బర్గ్ నుంచి రేడియోలో ఒక పెద్దమనిషి గొంతు వినిపించింది. యుద్ధంలో ఓడిపోయాం, బేషరతుగా లొంగిపోతున్నాం అని జర్మన్లకు చెప్పిన గొంతు అది. అప్పటికి హిట్లర్ చనిపోయి వారం రోజులు. మాట్లాడుతున్నది సేనాని కాదు, వీధుల్లో కేకలు వేసిన నాజీ పార్టీ నాయకుడూ కాదు. హిట్లర్ పాలనలో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆర్థిక మంత్రిగా ఉన్న కౌంట్ లుట్జ్ ష్వెరిన్ ఫాన్ క్రోజిక్. ఇకపై మన జాతికి న్యాయమే ఆధారం కావాలని కూడా ఆ ప్రసంగంలోనే అన్నాడు. ఆ మాట అనడానికి ఈయనకు ఎంత అర్హత ఉందో ఇవాళ కాస్త చూద్దాం.

క్రోజిక్ 1887లో ప్రభువంశంలో పుట్టాడు. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. కౌంట్ బిరుదు మాత్రం తండ్రి వైపు నుంచి రాలేదు. 1925లో తల్లి తరఫు బంధువు దత్తత తీసుకోవడంతో వచ్చింది. మన జమీందారీల్లో దత్తత కథలు విన్నవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. ఆర్థిక శాఖలో బడ్జెట్ చూసే అధికారిగా మంచి పేరు తెచ్చుకున్నాడు. 1932లో పాపెన్ ప్రధాని అయినప్పుడు ఈయన్ని ఆర్థిక మంత్రిని చేశారు. ఆ మంత్రివర్గంలో ఎక్కువమంది దొరలే కావడంతో జనం దాన్ని బారన్ల క్యాబినెట్ అని ఎగతాళి చేశారు. ఆరు నెలలు తిరిగేసరికి పాపెన్ పోయి ష్లైకర్ వచ్చాడు. రెండు నెలలకు ష్లైకరూ పోయి హిట్లర్ వచ్చాడు. ఆర్థిక మంత్రి కుర్చీలో మనిషి మాత్రం మారలేదు.

1937 జనవరి 30 నాటి సంగతి ఒకటి చెప్పాలి. హిట్లర్ అధికారంలోకి వచ్చి సరిగ్గా నాలుగేళ్లయిన రోజు. పార్టీలో లేని మంత్రులకు ఆయన స్వయంగా బంగారు పార్టీ బ్యాడ్జీలు ఇచ్చాడు. తీసుకుంటే పార్టీ సభ్యుడైనట్టే. ఆ గదిలోనే ఉన్నాడు రవాణా, తపాలా మంత్రి ఎల్ట్స్ ర్యూబెనాక్. ఆయనా దొరే, బారన్. 1932 క్యాబినెట్ నుంచీ క్రోజిక్‌తో కలిసి పనిచేసినవాడు. క్యాథలిక్ భక్తుడు. చర్చి మీద మీరు ఇలా దాడులు చేస్తుంటే నేను ఇది తీసుకోలేనని హిట్లర్ మొహం మీదే చెప్పేశాడు. పదవి పోయింది, ప్రాణం పోలేదు. క్రోజిక్ బ్యాడ్జీ తీసుకున్నాడు. నా మటుకు ఆయన జీవితమంతా ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంది.

మరుసటి ఏడాది నుంచి క్యాబినెట్ సమావేశం కావడమే మానేసింది. ఫైలు తిరిగేది, సంతకం పడేది. 1938 నవంబర్‌లో యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనా మందిరాలు తగలబెట్టాక, నష్టపోయిన ఆ యూదుల మీదే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. కొట్టి, కొట్టినందుకు కూలి అడిగినట్టు. దాన్ని వసూలు చేసింది క్రోజిక్ శాఖే. 5,000 మార్కులు దాటిన ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ అందులో 20 శాతం వాయిదాల్లో కట్టాలి. అది చాలదని తర్వాత ఇంకో వాయిదా కలిపారు.

1941 నుంచి రైళ్లలో యూదులను తూర్పుకు తరలించేటప్పుడు, వాళ్ల చేత 16 పేజీల ఫారం ఒకటి నింపించేవారు. మంచాలెన్ని, దుప్పట్లెన్ని, చెంచాలెన్ని, చొక్కాలెన్ని? అన్నీ రాసి సంతకం పెట్టాలి. ఆ కుటుంబం రైలెక్కాక ఇంటికి సీలు పడేది. క్రోజిక్ శాఖ కింది పన్ను ఆఫీసు వాళ్లు ఫారం చేత పట్టుకుని వచ్చి సామాన్లు సరిచూసుకునేవాళ్లు. తర్వాత వేలం. పక్కింటివాళ్లే వచ్చి ఆ కుర్చీలూ పరుపులూ పాడుకునేవాళ్లు. వచ్చిన డబ్బు ఖజానాలో జమ. పద్దు ఎక్కడా తేడా రాకూడదు కదా!

పార్టీ రౌడీలకూ నాకూ సంబంధం లేదు, నేను లెక్కలు చూసుకునేవాణ్ణి అన్న తీరులోనే ఆయన బతికాడు. తామరాకు మీద నీటిబొట్టులా అన్నమాట. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణలో అమెరికన్ జడ్జీలు ఆ మాట ఒప్పుకోలేదు. 1949లో పదేళ్ల శిక్ష వేశారు. అందులోనూ పూర్తిగా ఉన్నది లేదు. 1951లోనే క్షమాభిక్ష మీద వదిలేశారు. బయటికొచ్చి పుస్తకాలు రాసుకుంటూ ఇంకో పాతికేళ్లు బతికాడు. 1977లో ఎస్సెన్ నగరంలో, 89 ఏళ్ల వయసులో పోయాడు.

సెలవు.