అడవిలో ఆడవి, తెర మీద మగవి

శ్రోతలకు నమస్కారం. పిల్లలతో కలిసి ఇంటిల్లిపాదీ చూసే జంతువుల సినిమాల గురించి ఈరోజు కాసేపు మాట్లాడతాను. సింహం, చీమ, తేనెటీగ, చేప, ఎలుక, ఏదైనా కానివ్వండి, హీరో ఎవరయ్యా అంటే చాలాసార్లు మగదే. మనుషుల సినిమా అయితే స్టార్ అనీ మార్కెట్ అనీ ఏదో ఒక సాకు చెప్తారు, బొమ్మ గీసి గొంతు పెట్టే జంతువుకి ఆ సాకు కూడా లేదు కదా!

1994లో వచ్చిన లయన్ కింగ్‌నే తీసుకోండి. రాజు తమ్ముడు స్కార్ గద్దెక్కాక కరువొస్తుంది. పాత రాజు భార్య సారాబిని అందరి ముందూ పిలిచి వేట ఏదని గద్దిస్తాడు. మందలు వెళ్లిపోయాయి, మనమూ ఇక్కణ్ణుంచి కదలాల్సిందే అంటుందామె. వీల్లేదంటాడు, మాట పెరిగేసరికి కొట్టి పడేస్తాడు. చుట్టూ అన్ని ఆడసింహాలున్నాయి, వేటాడి అందరి కడుపూ నింపేది అవే, అయినా ఆమె కొడుకు సింబా తిరిగొచ్చేదాకా ఏమీ చేయలేనట్టు చూపిస్తారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సీన్ అది.

ఆఫ్రికా గడ్డిమైదానాల్లో సింహాల గుంపు అంటేనే ఆడసింహాలు. అమ్మమ్మ, అమ్మ, పిన్ని, కూతుళ్లు పుట్టిన చోటే ఉండిపోతారు. మగపిల్లలు రెండు మూడేళ్లు రాగానే బయటికి వెళ్లిపోవాలి, బయటి నుంచి వచ్చిన మగసింహాలు కొన్నేళ్లుండి, ఇంకా బలమైనవి రాగానే చోటు ఖాళీ చేస్తాయి. తండ్రి తర్వాత కొడుక్కి గద్దె అనేది మనుషుల ఇళ్లలోంచి పట్టుకెళ్లి అక్కడ పెట్టిన కథ. మన గుజరాత్ గిర్ అడవిలో అయితే మగవి చాలావరకు విడిగానే తిరుగుతాయి, జత కట్టడానికో, పెద్ద వేట పడినప్పుడో కలుస్తాయంతే.

ఇక హైనాలకు జరిగింది మరీ అన్యాయం. లయన్ కింగ్‌లో కనిపించే మచ్చల హైనాల్లో పెత్తనమంతా ఆడవాటిదే. తల్లి హోదా పిల్లలకొస్తుంది, బయటి గుంపు నుంచి వచ్చి చేరిన మగది అందరికన్నా కింద ఉంటుంది. ఎంగిలి తిని బతుకుతాయన్న పేరూ తప్పే, టాంజానియాలోని గోరోంగోరోలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త ఏళ్లపాటు గమనించి, అవే వేటాడితే సింహాలొచ్చి లాక్కు తినడం 1972లోనే పుస్తకంగా రాశాడు. సినిమాలో మాత్రం అవి దొంగలు, వెకిలి నవ్వులవాళ్లు. ఇంగ్లీషులో వాటికి పెట్టిన మాటతీరు అమెరికాలో నల్లవాళ్ల, లాటినోల పేటల్లో వినిపించేదని అప్పుడే చాలామంది తప్పుపట్టారు. తెలంగాణ యాసనీ సీమ యాసనీ కమెడియన్‌కో రౌడీకో అంటగట్టిన సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం, ఆ బాధ మనకు వేరే చెప్పాలా? 2019లో మళ్లీ తీసినప్పుడు షెంజీ అనే ఆడ హైనాని గుంపు నాయకురాలిని చేశారు, సంతోషం.

పని చేసే చీమలన్నీ ఆడవే, పుప్పొడి మోసుకొచ్చే తేనెటీగలూ ఆడవే. యాంట్జ్, బీ మూవీ చూడండి, ఒకదాంట్లో హీరో మగ కూలి చీమ, ఇంకోదాంట్లో పుప్పొడి తెచ్చేది మగ తేనెటీగలు. 2006లో బార్న్‌యార్డ్ అనే సినిమాలో హీరో మగవాడు, పొదుగేమో వేలాడుతూ ఉంటుంది!

నటి జీనా డేవిస్ తన కూతురితో పిల్లల సినిమాలు చూస్తూ ఇది గమనించి 2004లో ఒక సంస్థే పెట్టారు. 1990 నుంచి 2005 దాకా అమెరికాలో బాగా ఆడిన 101 పిల్లల సినిమాలను లెక్కేయిస్తే, మాట్లాడే పాత్రల్లో ఆడవి 28 శాతమే ఉన్నాయి. మన దగ్గరా చూడండి, 2019 తెలుగు డబ్బింగ్‌లో సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ అని అందరికీ తెలుసు. సింబా జోడీ నాలాకి ఎవరు చెప్పారో మీలో ఎంతమందికి గుర్తుంది?

మార్చాలనుకుంటే మార్చొచ్చు. జూటోపియా అనే యానిమేషన్ సినిమాలో మొదట అనుకున్న హీరో నక్క, సినిమా సగంలో ఉండగా కథంతా తిరగరాసి కుందేలు పిల్ల జూడీని ముందుకు తెచ్చారు, 2016లో ప్రపంచమంతా చూసింది. మనకైతే అంత కష్టం కూడా అక్కర్లేదు. అనంతామాత్యుడు పదిహేనో శతాబ్దంలోనే భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదం రాసిపెట్టాడు. పులికి ఎదురుగా నిలబడి మాట్లాడేదీ, బిడ్డకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాట కోసం తిరిగి వెళ్లేదీ ఆవే. యానిమేషన్ చేసే పిల్లలు హైదరాబాద్‌లో ఎంతమంది లేరు! వాళ్లలో ఎవరైనా ఇది వింటుంటే, దయచేసి ఆ ఆవును తీయండి.