పాడ్ పోవచ్చు, కథ పోకూడదు

(పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్లో గ్రాంథికం మాట్లాడే ధైర్యం నాకు లేదు. కాబట్టి పాడ్‌ను, అంటే ప్రోగ్రాము నడిచే చిన్న గూటిని, పాడ్ అనే అంటాను.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగులో రాసేవాళ్ల కథలన్నీ ఒకచోట చేర్చి వర్డ్‌ప్రెస్ బ్లాగు నడపాలని, దాన్ని కుబర్నెటీస్ మీద, అంటే కొన్ని కంప్యూటర్ల గుంపు మీద ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ మీద, ఎక్కించాలని మీ ఆలోచన. ఆ గుంపును క్లస్టర్ అంటారు, అందులో ఒక్కో కంప్యూటరును నోడ్ అంటారు. ముందే చెప్పేస్తాను, రోజుకు రెండు మూడు వందల మంది చదివే బ్లాగుకు ఇంత హంగామా అక్కర్లేదు. చిన్న సర్వరు, రాత్రికో బ్యాకప్పు చాలు. గూగుల్ తన పనులు నడుపుకోవడానికి బోర్గ్ అనే వ్యవస్థను కట్టుకుంది. ఆ అనుభవంతోనే 2014లో కుబర్నెటీస్‌ను బయటపెట్టింది. మన కథలకు అంత రద్దీ వస్తే అంతకన్నా కావలసిందేముంది! అయితే నేర్చుకోవడానికి మాత్రం బ్లాగు మంచి సరుకే. దానిలో ప్రోగ్రామును ఎన్నిసార్లైనా దించుకోవచ్చు. రాసిన కథను ఎక్కడినుంచి దించుకుంటాం?

ప్రోగ్రాము సంగతి తేలిక. ఫలానా ఇమేజ్‌తో, అంటే ప్రోగ్రాము మూటతో, రెండు పాడ్లు ఉండాలని యామల్ అనే మామూలు అక్షరాల ఫైల్లో రాసి ఇస్తాం, దాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. ఒక పాడ్ పడిపోతే క్లస్టరే మరొకటి లేపుతుంది. కొత్త పాడ్ కొత్త ఐపీ చిరునామాతో వస్తుంది కనుక ముందర మారని చిరునామాగా సర్వీస్ ఉంటుంది. బయటి పాఠకుడిని లోపలికి తెచ్చేది ఇన్‌గ్రెస్. ఇవి ఒక పూటలో పట్టుబడతాయి.

చిక్కంతా కథల దగ్గర, బొమ్మల దగ్గర ఉంది. పాడ్‌లో ప్రోగ్రాము నడిచే పెట్టెను కంటైనర్ అంటారు. కంటైనర్ లోపల రాసినది కంటైనర్‌తోనే పోతుంది. వర్డ్‌ప్రెస్‌లో కథ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి వెళుతుంది, బొమ్మ మాత్రం అప్‌లోడ్స్ ఫోల్డర్లోకి వెళుతుంది. డేటాబేస్‌కు డిస్కు కట్టి, బొమ్మల ఊసు మరచిపోవడం మామూలే. అప్పుడు తమాషా చూడండి. రథయాత్ర ఫోటో పెట్టారు, పేజీ తెరిస్తే కనబడింది. మళ్లీ తెరిస్తే అక్కడ ఖాళీ చట్రం. మూడోసారి తిరిగి ఫోటో. ఫోటో ఒక పాడ్‌లోనే ఉంది, సర్వీస్ మిమ్మల్ని ఒకసారి ఈ పాడ్‌కు, మరొకసారి ఆ పాడ్‌కు పంపుతోంది. బ్రౌజరును తిట్టి లాభం లేదు. రెండు పాడ్లూ ఒకేసారి రాయగలిగే, నెట్‌వర్కు మీద పంచుకునే ఎన్ఎఫ్ఎస్ లాంటి నిల్వ కావాలి, లేదా బొమ్మలను పాడ్లకు బయట ఫైళ్లను దాచే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు తరలించాలి. రీడ్‌రైట్‌వన్స్ అని రాసి ఉన్న డిస్కు ఒక నోడ్‌కే అతుకుతుంది. రెండు పాడ్లూ అదృష్టవశాత్తు ఒకే నోడ్ మీద పడితే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటి అదృష్టాన్ని నమ్మకండి.

డేటాబేస్‌కు ఇంకో జాగ్రత్త. ఒకే డిస్కు మీద రెండు మైఎస్‌క్యూఎల్ పాడ్లు పెడితే నకలు తయారవదు. మొదటిది ఫైళ్లకు తాళం వేసుకుని కూర్చుంటుంది, రెండోది మొదలవలేక పడిపోతూ ఉంటుంది. ఒక్క పాడే పెట్టి, మార్పు విధానం రీక్రియేట్ అని రాయండి. పాతది ఆగాకే కొత్తది లేస్తుంది.

మన లిపికి సంబంధించిన గొడవ కూడా ఒకటుంది. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు, గుణింతపు గుర్తుకూ అంతే. పాత సర్వరు నుంచి డంపు, అంటే డేటాబేస్ మొత్తం నకలు ఫైలు, తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ (అక్షరాల పట్టిక) తెలుగు లేని లాటిన్1 అని పెడితే, ఆ ఫైల్లో కథంతా ప్రశ్నార్థకాలుగా మిగులుతుంది. దాన్ని తిరిగి తెలుగు చేయడం ఎవరి తరమూ కాదు. డంపు తీసిన వెంటనే ఫైలు తెరిచి కళ్లతో చూడండి. పాస్‌వర్డును కుబర్నెటీస్‌లో రహస్యాలు దాచే సీక్రెట్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అది బేస్64 అనే రాత మార్పు మాత్రమే, తాళం కాదు, ఎవరైనా క్షణంలో విప్పుతారు. ఆ సీక్రెట్ ఫైలును కోడు దాచే గిట్‌లోకి ఎక్కించకండి.

ఇక తుపాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ మీ జిల్లాను అతలాకుతలం చేసింది. నోడ్ చచ్చిపోతే, మామూలు అమరికలో క్లస్టర్ సుమారు 5 నిమిషాలు ఆగి, దాని పాడ్లను వేరే నోడ్‌కు తరలిస్తుంది. కానీ మూడు నోడ్లూ ఒకే కాలేజీ గదిలో, ఒకే కరెంటు తీగ మీద ఉంటే తరలించేదెక్కడికి? డిస్కు ఆ గదిలోనే ఇరుక్కుంటే కథలూ అక్కడే ఇరుక్కుంటాయి. రాత్రిపూట, వేళకు తనంతట నడిచే క్రాన్‌జాబ్‌తో డేటాబేస్ డంపును, అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను తీసి, తీరానికి దూరంగా ఉన్న మరో నగరంలో దాచండి.

మరో గోతి సంగతి చాలామందికి తెలియదు. అడగగానే తనంతట తాను పుట్టే డిస్కుకు రీక్లెయిమ్ పాలసీ, అంటే అవసరం తీరాక ఆ డిస్కును ఏం చేయాలనే నియమం, సాధారణంగా డిలీట్ అని ఉంటుంది. ఎవరో శుభ్రం చేద్దామని, క్లస్టర్‌లో బ్లాగు సామానంతా ఉండే నేమ్‌స్పేస్‌ను తుడిచేస్తే దానితో పాటు డిస్కూ, దానిలోని కథలూ పోతాయి. ఆ పాలసీని రిటైన్ (ఉంచు) అని మార్చుకోండి.

భోజనాలయ్యాక ల్యాబ్‌లో కూర్చుందాం. ముందు మీ కథల డంపు బయటికి తీసి, తరవాత నేమ్‌స్పేస్‌ను మనమే తుడిచేద్దాం. సాయంత్రంలోగా బ్లాగును తిరిగి నిలబెట్టాలి, బొమ్మలతో సహా. నిలబడకపోతే ఎక్కడ తెగిందో అప్పుడే వెతుకుదాం.